ఊరికిచ్చిన ముఖం

వెదురుపూడి మెయిన్ రోడ్డులో తోరం ముత్యాలరావుకి ఒక ఫోటో స్టూడియో ఉంది. ఆ ఊళ్ళో పెళ్ళిచూపులకు పంపే ఫోటోలు, పాస్‌పోర్టుకు అంటించే ఫోటోలు, పోయాక దండ వేసి గోడకు తగిలించే ఫోటోలు అన్నీ ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. దేవుడు తొందరలో వదిలేసిన పనులు కొన్ని ముత్యాలరావు పూర్తి చేస్తాడని పేరు. ఒకరి పళ్ళు కాస్త లోపలికి నెట్టాడు. ఇంకొకరి చెవులు తలకి దగ్గరగా చేర్చాడు. మునిసిపల్ మాజీ ఛైర్మన్‌గారి నున్నటి తల మీద నారుమడిలా జుట్టు మొలిపించాడు. ఆ ఫోటో చూసి ఛైర్మన్‌గారి భార్యే "ఎవరండీ ఈయన, మనకేమవుతారు?" అని అడిగిందట.

అలాంటి మనిషి ఒక ఆదివారం మధ్యాహ్నం తప్పు చేశాడు. స్నేహితుడు ఏడిద పట్టాభి చేపల చెరువు గట్టు మీద భోజనాలు పెట్టాడు. రొయ్యల వేపుడు, కోడి పలావు, పక్కన సీసా. ముత్యాలరావుకి అలవాటు లేదంటే అబద్ధం. ఉందంటే అన్యాయం. ఏడాదికి నాలుగైదుసార్లు, అదీ ఎవరైనా రెండోసారి అడిగితే. ఆ రోజు పట్టాభి మూడుసార్లు అడిగాడు.

"కాసేపు నడుం వాల్చి వెళ్ళరా," అన్నాడు పట్టాభి.

"ఎంత దూరం రా? కళ్ళు మూసుకుని వెళ్ళగలను," అని ముత్యాలరావు స్కూటరెక్కాడు. దాదాపు అలాగే వెళ్ళాడు కూడా. కాలవ వంతెన దగ్గర పోలీసులు ఆపారు. గొట్టం ఊదమన్నారు. ఊదాడు. మిషను కూసింది.

"పేరేంటండీ?" అన్నాడు కానిస్టేబులు అప్పన్న.

"ఏరా అప్పన్నా, నీ పెళ్ళి ఫోటోలు తీసింది నేను కాదూ?"

"మీరేనండి. మా అమ్మ ఇప్పటికీ అదే ఆల్బం చూత్తాదండి. పేరేంటండీ?"

చెప్పాడు. అప్పన్న జేబులోంచి ఫోను తీశాడు. "ఫోటో తియ్యాలండి. ఇటు తిరగండి."

ముత్యాలరావు మత్తు సగం దిగిపోయింది. "సూర్యుడు నా వెనకున్నాడు రా. ముఖం నల్లగా వస్తుంది. నువ్వు ఈ పక్కకి రా. ఫోను అంత కింద పట్టుకోకు, గెడ్డం రెండు..." అని చెయ్యెత్తి చూపిస్తుండగానే అప్పన్న నొక్కేశాడు.

ఆ ఫోటోలో ముత్యాలరావు నోరు బావిలా తెరుచుకుని ఉంది. ఒక కన్ను మూత పడింది, రెండోది వెళ్ళిపోతున్న లారీని చూస్తోంది. పైకి లేచిన చెయ్యి ఎవరినో కొట్టబోతున్నట్టుంది. గెడ్డాలు రెండు కాదు, మూడు వచ్చాయి.

కోర్టులో మేజిస్ట్రేటుగారు పెద్దావిడ. కళ్ళజోడు తీసి ఆయన్ని చూసింది. "మీ ఎదురుగా వచ్చేవాడు తాగలేదు కదండీ. మీరు తాగినందుకు అతనెందుకు పడాలి?" అంది.  జరిమానా వేసింది, లైసెన్సు ఆరు నెలలు ఆపింది, ఒక పూట కూడలిలో అట్ట పట్టుకుని నిలబడమంది. అట్ట మీద "నేను తాగి బండి నడిపాను. మీరు ఆ పని చేయకండి" అని ఉంది. ఆయన నిలబడ్డాడు. ఎండ పడి అక్షరాలు మెరుస్తుంటే, నాలుగు దారుల వాళ్ళకీ కనిపించేలా అట్ట కోణం తనే సర్దుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వస్తే భార్య సత్యవేణి గుమ్మంలో నిలబడి ఉంది. "చేసినదానికి పడ్డారు. ఇక కాళ్ళు కడుక్కుని రండి, అన్నం పెడతాను," అంది. ముత్యాలరావు ఆ రోజే మానేశాడు. పట్టాభి తర్వాత ఎన్నిసార్లడిగినా ఒకటే మాట. శిక్ష పడింది, అనుభవించాడు, అయిపోయింది అనుకున్నాడు. ఆ "అయిపోయింది" అన్న మాట కోర్టులో ఉంటుంది గానీ కంప్యూటర్లో ఉండదని అప్పటికి ఆయనకి తెలియదు.

ఆ నెలలోనే వెదురుపూడికి డీఎస్పీగా ప్రభంజన్‌గారు వచ్చారు. ఆయన ఎక్కడో పెద్ద నగరంలో శిక్షణ పొంది వచ్చారు. అక్కడ ఏం నేర్చుకున్నారో తెలియదు గానీ, వచ్చాక మామూలు మాటలు మాట్లాడటం మానేశారు. మంచినీళ్ళు కావాలంటే "జలసదుపాయం కల్పించండి" అనేవారు.

వచ్చిన కొన్నాళ్ళకే టౌనుహాల్లో సభ పెట్టారు. ఫోటోలకి ముత్యాలరావునే పిలిచారు. పోలీసు వాళ్ళ ఫంక్షన్లు ఏళ్ళ తరబడి ఆయనే తీస్తున్నాడు మరి. పూలదండలు, జ్యోతి ప్రజ్వలన, గొడుగుల్లా విచ్చుకున్న పట్టుచీరలు అన్నీ తీస్తున్నాడు. డీఎస్పీగారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! పారదర్శకతే పరివర్తనకు ప్రథమ సోపానం. నేరస్థుడు సిగ్గుపడనిచో సమాజం సిగ్గుపడవలసి వచ్చును. కావున ఆ సిగ్గును సంబంధిత వ్యక్తికే బదలాయించు నిమిత్తం 'జనజాగృతి దర్పణం' అను వెబ్‌సైటును నేడు జాతికి అంకితం చేయుచున్నాము!"

మీట నొక్కారు. వేదిక వెనక తెర మీద, గోడంత ఎత్తున, మూడు గెడ్డాలతో ముత్యాలరావు ప్రత్యక్షమయ్యాడు.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. కెమెరా కంటికి ఆనించి ఉన్న ముత్యాలరావుకి మొదట ఆ మనిషెవరో అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి వేలు తన అలవాటు కొద్దీ నొక్కేసింది. తన ముఖానికి ఊరంతా చప్పట్లు కొడుతున్న ఫోటో, వెలుతురు చక్కగా కుదిరి, ఆయన జీవితంలో తీసిన మంచి ఫోటోల్లో ఒకటిగా వచ్చింది.

ఆ నెల దొరికినవాళ్ళలో మొదటి మనిషి కాబట్టి దర్పణంలో మొదటి పేజీ ఆయనదే. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు, మిషను చూపించిన అంకె, ఇంటికి దారి చూపించే మ్యాపు. కింద "మీ మిత్రులతో పంచుకోండి" అని ఒక మీట. మిత్రులు పంచుకున్నారు. శత్రువులు ఇంకా ఎక్కువ పంచుకున్నారు. తెల్లారేసరికి ఆ ఫోటో మీద శుభోదయం అని రాసి, చుట్టూ గులాబీలు పెట్టి, ఊళ్ళో ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిప్పారు.

ఫోన్లు మొదలయ్యాయి. తాగుడు మాన్పించే పసరు ఉందని ఒకరు, కొత్త వైన్ షాపు తెరిచాం, రండి అని ఒకరు. ఏ ఊరో తెలియని ఒక పెద్దావిడ రోజు విడిచి రోజు చేసేది. "నీ ముఖం చూపించే మా ఆయన్ని అదుపులో పెట్టుకుంటున్నాను తమ్ముడూ. నువ్వు చల్లగా ఉండాలి," అనేది. ఆయన "అలాగేనమ్మా" అని పెట్టేసేవాడు.

తర్వాత పెళ్ళిళ్ళు పోవడం మొదలైంది. మాట అయిపోయిన ఒక పెళ్ళి తాలూకు పెళ్ళికూతురి తల్లి స్టూడియోకి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"ఏమనుకోకండి అన్నయ్యగారూ. మరొకరికి ఇచ్చేశాం."

"నేను మానేశానమ్మా. ఒట్టు. పెళ్ళిలో మజ్జిగ తప్ప ముట్టను."

"అయ్యో, తాగుడు గురించి కాదండీ. మా ఆయన తాగడా, మా వియ్యంకుడు తాగడా? మీ ఫోటో చూశాం. ఫోటోలు తీసే మీ ఫోటోయే అలా వస్తే, ఇక మా అమ్మాయిది ఎలా వస్తుందోనని భయమేసింది."

ముత్యాలరావుకి కోర్టులో కూడా అంత బాధ కలగలేదు. "అది నేను తీయలేదమ్మా!" అని అరిచాడు. చెయ్యి పైకి లేచింది, నోరు తెరుచుకుంది. ఆవిడ ఆ భంగిమ చూసి, గుర్తుపట్టి, గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు ముత్యాలరావు డీఎస్పీగారి ఆఫీసుకి వెళ్ళాడు.

"సార్, నా శిక్ష అయిపోయిందండి. కోర్టు కాగితం కూడా ఉంది. ఆ ఫోటో తీసెయ్యండి."

"శిక్ష అనునది న్యాయస్థానం వారి పరిధి," అన్నారు డీఎస్పీగారు. "మేము ప్రదర్శించునది శిక్ష కాదు, సమాచారం. శిక్షకు కాలపరిమితి గలదు. సమాచారానికి లేదు."

"అంటే నేను పోయాక కూడా ఉంటుందా అండీ?"

"మరణానంతరం పేరుకు ముందు 'కీర్తిశేషులు' అని చేర్చు సదుపాయం గలదు."

"పోనీ దానికి తీసేసే సదుపాయం..."

"మా సాఫ్ట్‌వేరునందు ఎక్కించుటయే గలదు, దించుట లేదు. దించు అవసరం వచ్చునని ఎవరూ ఊహించలేదు." డీఎస్పీగారు తెర వైపు చూసి కాస్త ఆలోచించారు. "అయితే చిత్రనాణ్యతా సవరణకు వీలున్నది. ఈ చిత్రం మా శాఖ ప్రతిష్ఠకు కూడా తగినట్టు లేదు."

మునిగిపోతున్నవాడికి గడ్డిపోచ దొరికింది. ముత్యాలరావు స్టూడియోకి వచ్చి, కోటు వేసుకుని, దీపాలు సర్ది, కుడివైపు ముఖం కాస్త ముందుకు పెట్టి, సత్యవేణి చేత మీట నొక్కించాడు. రాత్రంతా కూర్చుని మెరుగులు దిద్దాడు. అందులో ఆయన ఏదో బ్యాంకుకి అధిపతిలా ఉన్నాడు. ఆ ఫోటో దర్పణంలోకి ఎక్కింది.

అప్పటిదాకా ఆ మూడు గెడ్డాల మనిషి ముత్యాలరావేనని సగం ఊరికి తెలియదు. ఇప్పుడు ఆ సగం కూడా గుర్తుపట్టింది. కూరల బజారులో వంకాయలమ్మే ఆవిడ చెయ్యూపి మరీ చెప్పింది: "ఇప్పుడు బాగున్నారు బాబూ! మొన్నటిదాకా ఎవరో పిచ్చోడనుకున్నాను."

"మీరు దాన్ని కెలికేకొద్దీ అది పెరుగుతోంది," అంది సత్యవేణి ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ. "పుండుకి పౌడరు రాస్తే తగ్గుతుందా?"

"ఊరికే కూర్చోమంటావా?"

"కూర్చోమనలేదు. పౌడరు వద్దంటున్నాను."

ఆయన ఊరికే కూర్చోలేదు. తొలగించమని అర్జీ మీద అర్జీ పెట్టాడు. ఆయన్ని చూసి ఇంకో పదిమంది పెట్టారు. అర్జీలు పెరిగేసరికి డీఎస్పీగారికి ఉత్సాహం వచ్చింది. సాఫ్ట్‌వేరు వాళ్ళని పిలిపించి, దించే ఏర్పాటు కూడా చేయించారు. దానికొక విధానం రాశారు. ప్రజలకు తెలియకుండా ప్రజల సమాచారాన్ని తొలగించరాదు కనుక, తొలగింపు కోరువారి వివరాలు ముందుగా ప్రకటించి, అభ్యంతరాలు ఆహ్వానించవలెను. దర్పణంలో కొత్త పేజీ తెరిచారు. పైన పెద్ద అక్షరాలతో "తమ ముఖములను దాచిపెట్టగోరుచున్న వ్యక్తులు" అని పెట్టి, పాత ఫోటో ఒకటి, కొత్త ఫోటో ఒకటి పక్కపక్కన వేశారు. ఊళ్ళో ఆటోకి మైకు కట్టి రెండు పూటలా తిప్పారు: "తోరం ముత్యాలరావు, తండ్రి సింహాద్రి, తాను తాగి బండి నడిపిన విషయం ఎవరికీ తెలియకూడదని కోరుచున్నారు. దీనిపై ఎవరికైనా అభ్యంతరములున్నచో..."

ఆటో స్టూడియో ముందు కాస్త ఎక్కువసేపు ఆగింది. డ్రైవరు టీ తాగుతున్నాడు.

అభ్యంతరాలు వచ్చాయి. మా పెళ్ళి ఆల్బంలో మా మేనమామ ఒక్క ఫోటోలోనూ లేడు, కనుక ఈయన్ని తొలగించరాదని ఒకరు రాశారు. ఈయన్ని తీసేస్తే మొదటి పేజీ బోసిపోతుందని ఇంకొకరు. విచారణ రోజున డీఎస్పీగారు అన్నీ చదివి వినిపించి, మేనమామ విషయంలో వివరణ అడిగారు.

"ఆ మేనమామ అలిగి పెళ్ళికి రాలేదండి," అన్నాడు ముత్యాలరావు.

వివరణ నమోదైంది. చివరికి తొలగింపు మంజూరైంది. ముత్యాలరావు ఇంటికొచ్చి, సత్యవేణి చేత పాయసం వండించుకుని, నిశ్చింతగా కూర్చుని దర్పణం తెరిచాడు. మొదటి పేజీలో తను లేడు. కళ్ళు చెమర్చాయి. వేలితో ఇంకాస్త కిందకి జరిపాడు. అక్కడ ఇంకో కొత్త పేజీ ఉంది. పేరు "తొలగించబడినవారు". అందులో మొదటివాడు తనే. పాత ఫోటో, కొత్త ఫోటో, ఆ రెంటి మధ్య బాణం గుర్తు, కింద డీఎస్పీగారి సంతకంతో "వీరు తాగి వాహనం నడిపిన విషయం ఇందుమూలముగా తొలగించబడినది" అని ధ్రువపత్రం.

పాయసం చల్లారిపోయింది. సత్యవేణి ఫోను తీసుకుని చూసి, బోర్లించి పెట్టింది. "తినండి ముందు," అంది.

వర్షాకాలం వచ్చేసరికి పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఇలా మనుషుల వివరాలు బజారున పెట్టడం తప్పు, గోప్యత పాటించాలి అని. ఎవరో ఎక్కడో కేసు వేసి గెలిచారట. ముత్యాలరావు ఆ వార్త పేపర్లో చదివి, కత్తిరించి, స్టూడియో అద్దానికి లోపలివైపు అంటించుకున్నాడు.

డీఎస్పీ ప్రభంజన్‌గారు ఏ పని చేసినా నిండు మనసుతో చేసేవారు. పారదర్శకతని ఎంత ప్రేమించారో, గోప్యతని అంతకన్నా ఎక్కువ ప్రేమించారు. మళ్ళీ టౌనుహాలు, మళ్ళీ జ్యోతి. ఈసారి ఫోటోలు నిషేధం కాబట్టి ముత్యాలరావుని పిలవలేదు. "గోప్యతే గౌరవానికి గోపురం!" అన్నారట. దర్పణం మూసేశారు. కేసు కాగితాలన్నీ మూటగట్టి, లక్క ముద్ర వేసి, గదిలో పెట్టి, ఆ గది ఎక్కడుందో కూడా గోప్యమన్నారు. ఎవరి గోప్యత కాపాడబడుతోందో ప్రజలకు తెలియాలి కదా అని స్టేషను గోడకు ఒక బోర్డు కట్టారు. "దిగువ పేర్కొన్న వ్యక్తుల నేర వివరములు గోప్యమైనవి. వారిని గూర్చి ఎవరూ మాట్లాడుకొనరాదు." బోర్డులో మొదటి పేరు తోరం ముత్యాలరావు.

ఊరు ఆ బోర్డు చదివి, నిషేధం గనక, మరింత ఆసక్తిగా మాట్లాడుకుంది.

ముత్యాలరావు అది కూడా భరించాడు. ఎందుకంటే ఆరు నెలలు నిండాయి. లైసెన్సు తిరిగి తీసుకోవచ్చు. స్కూటరు మీద లైట్లు, స్టాండ్లు కట్టుకుని పక్క ఊళ్ళ పెళ్ళిళ్ళకి వెళ్ళొచ్చు. అక్కడ తన ముఖం ఇంకా అంతగా తెలియదు. ఉదయమే తలంటుకుని, తెల్ల చొక్కా వేసుకుని ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళాడు.

అక్కడి గుమాస్తా కుక్కుటేశ్వరరావు ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు. "రండి రండి, ముత్యాలరావుగారూ! మా ఫ్యామిలీ గ్రూపులో రోజూ పొద్దున్నే మీ దర్శనమేనండి. మా బావమరిది గులాబీలు పెట్టి పంపుతాడు. ఆయ్, కూర్చోండి."

ముత్యాలరావు కూర్చుని విషయం చెప్పాడు.

"దానికేముందండీ! మీ కేసు వివరం ఒక్కటి స్టేషను నుంచి తెప్పించండి, చాలు. ఏ రోజు నుంచి ఏ రోజు వరకు ఆపారో అందులో ఉంటుంది కదా."

స్టేషనుకి వెళ్ళాడు. అక్కడ అప్పన్న తల గోక్కున్నాడు. "ముత్యాలరావుగారి వివరాలు బయటోళ్ళకి ఇవ్వకూడదండి. గోప్యమండి."

"నేనే కదరా ముత్యాలరావుని!"

"నాకు తెలుసండి. కానీ మీరు మీరేనని రుజువు కావాలంటే కేసులో ఉన్న ఫోటోతో పోల్చి చూడాలండి. ఆ ఫోటో గోప్యమండి."

మళ్ళీ ఆర్టీవో ఆఫీసు. కోర్టు కాగితం చూపించాడు. కుక్కుటేశ్వరరావు దాన్ని ముట్టుకోకుండా దూరం నుంచి చూశాడు. "ఇందులో మీ నేర వివరాలున్నాయండి. ఇది నేను చదివితే మీ గోప్యతకి భంగం. లోపల పెట్టుకోండి, ఎవరైనా చూస్తారు."

"మీ ఫోన్లో నా ఫోటో ఉంది కదండీ, గులాబీలతో! దాన్నీ నన్నూ పోల్చి చూడండి."

కుక్కుటేశ్వరరావు ఫోను తీశాడు. ఫోటో చూశాడు, ముత్యాలరావుని చూశాడు, ప్రేమగా నవ్వాడు. "మీరేనండి, సందేహం లేదు. కానీ ఇది నాకు కుక్కుటేశ్వరరావుగా తెలుసు. గుమాస్తాగా తెలియదు."

"మరి గుమాస్తాగారికి ఎలా తెలుస్తుందండీ?"

గుమాస్తా కుర్చీ దగ్గరకి జరుపుకుని గొంతు తగ్గించాడు. నిజంగానే ఉపకారం చేయాలనుకున్న మనిషి గొంతు అది.

"ఒకే దారుందండి. నిబంధనల్లోనే ఉంది. అదే మనిషి మీద కొత్త కేసు పడితే, పాత కేసు ముద్ర తప్పనిసరిగా విప్పాలి. అంటే... మీరు ఇంకొక్కసారి తాగి దొరకాలండి."

"నేను మానేశానండీ!"

"అదే వచ్చింది చిక్కు. ఎక్కువ అక్కర్లేదండి, మిషను కూసేంత చాలు. లైసెన్సు లేకుండా నడుపుతారు కాబట్టి ఇంకా తొందరగా తెరుస్తారు. చాలామంది అలాగే తెచ్చుకున్నారండి."

ముత్యాలరావు బయటకి వచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. ఎదురుగా రోడ్డు అవతల కొత్త వైన్ షాపు ఉంది. తనకి ఫోను చేసి పిలిచిన షాపు అదే. ఒక్క గ్లాసు. వంతెన దగ్గర అప్పన్న ఉంటాడు. సాయంత్రానికి ముద్ర విప్పుతారు. పక్క ఊరి పెళ్ళి ఎల్లుండే. ఆయన లేచాడు, రోడ్డు దాటాడు, అరుగు మీద కాలు కూడా పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఒక కుర్రజంట, మధ్యలో చంటిబిడ్డని కూర్చోబెట్టుకుని, స్కూటరు మీద ఆ రోడ్డున వెళ్ళారు. "మీ ఎదురుగా వచ్చేవాడు తాగలేదు కదండీ" అన్న మేజిస్ట్రేటుగారి మాట ఆయనకి చెవిలో అన్నట్టు వినిపించింది. కాలు వెనక్కి తీసుకున్నాడు. ఇంటికి నడిచే వెళ్ళాడు.

జరిగిందంతా సత్యవేణి వింది. చివరికి, "స్కూటరు తాళం ఎక్కడుంది?" అంది.

"ఎందుకు?"

"నాకు నేర్పండి. నా ముఖం మీద ఏ కేసూ లేదుగా. లైసెన్సు నాకిస్తారు."

ఆయన నవ్వబోయి ఆగాడు. ఆవిడ నవ్వడం లేదు. మర్నాటి నుంచి మార్కెట్ యార్డు వెనక ఖాళీ స్థలంలో నేర్చుకుంది. రెండుసార్లు గడ్డివాములోకి, ఒకసారి యార్డు గోడ మీదికి వెళ్ళింది. మోకాలు చెక్కుకుపోతే పసుపు అద్దుకుని మళ్ళీ ఎక్కింది. ముత్యాలరావు వెనక పరుగెడుతూ "బ్రేకు! బ్రేకు!" అని అరిచేవాడు. "అరవకండి, నాకు తెలుసు," అని ఆవిడ ఇంకా గట్టిగా అరిచేది. పరీక్షలో కుక్కుటేశ్వరరావే పక్కన నిలబడి ఎనిమిది అంకె వేయించి, లైసెన్సు ఇచ్చి, "మీవారిని అడిగినట్టు చెప్పండమ్మా. అనధికారికంగా," అన్నాడు.

ఆ తర్వాత పక్క ఊళ్ళ పెళ్ళిళ్ళకి ఇద్దరూ కలిసే వెళ్ళేవారు. ముందు ఆవిడ, వెనక లైట్ల సంచీ పట్టుకుని ఆయన. ఆయన ఫోటోలు తీస్తుంటే ఆవిడ దీపం పట్టుకునేది. ఆడపెళ్ళివారి గదిలోకి వెళ్ళి తీయాల్సినవి ఆవిడే తీయడం మొదలుపెట్టింది. అవే బాగుంటున్నాయని కొందరన్నారు. ముత్యాలరావు ఆ మాటకి ముందు ముఖం ముడిచాడు. తర్వాత ఆ ఫోటోలు తీరిగ్గా చూసి, "నిజమే," అన్నాడు.

ఒక సాయంత్రం పెళ్ళి ముగించుకుని వస్తుంటే కాలవ వంతెన దగ్గర ఆపారు. అప్పన్నే. సత్యవేణి చేత గొట్టం ఊదించాడు. మిషను కిక్కురుమనలేదు. సున్నా.

అప్పన్న ముఖం విప్పారింది. వెంటనే జేబులోంచి ఫోను తీశాడు. "నవ్వండమ్మా! డీఎస్పీగారు కొత్త పథకం పెట్టారండి. తాగకుండా దొరికినోళ్ళ ఫోటోలు, పేరు, అడ్రసూ 'సత్పౌర దర్పణం'లో వేత్తారండి. గోప్యతకి భంగం కాదండి, మంచి విషయమే కదా."

ముత్యాలరావు వెనక సీటు మీద సంచీని గట్టిగా హత్తుకున్నాడు.  సత్యవేణి అరచెయ్యి ఫోనుకి అడ్డం పెట్టింది.

"వద్దు అప్పన్నా."

"అదేంటమ్మా? అందరూ వేయించుకుంటున్నారు. మెచ్చుకుంటారండి."

"మా ఇంట్లోంచి ఒక ముఖం ఊరికిచ్చాం. అది చాలు."

అప్పన్న ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "వద్దన్నోళ్ళు ఎందుకు వద్దన్నారో కారణం రాయించుకోమన్నారమ్మా. దాచేదేమీ లేనప్పుడు వద్దనడమేంటని సారు అనుమానపడతారు."

"రాసుకో. ముఖం నాది, అందుకని."

ఆవిడ స్కూటరు నడిపేసింది. వంతెన దిగి మలుపు తిరిగేదాకా వెనక సీటు మీది ముత్యాలరావు, ఎన్నో నెలల తర్వాత, పైకి వినపడేలా నవ్వుతూనే ఉన్నాడు. అప్పన్న కలం తీసి కాగితం మీద ఆ కారణానికి గడి కోసం పైనుంచి కిందికి వెతికాడు. లేదు. కాసేపు ఆలోచించి, "ఇతరములు" అన్నచోట టిక్కు పెట్టి, వెనక వస్తున్న ట్రాక్టరుని ఆపడానికి చెయ్యెత్తాడు.